మగ్గం పన్ను నుంచి మర రాయితీ దాకా

ఒక పనిని మనిషి చేయాలా, యంత్రం చేయాలా అన్నది సాంకేతిక పరిజ్ఞానం తేల్చే విషయమని చాలామంది అనుకుంటారు. నిజానికి యంత్రం తయారై మార్కెట్లోకి వచ్చినంత మాత్రాన ఏ యజమానీ దాన్ని కొనడు. యంత్రం ధర ఎంత, దానికోసం తెచ్చే అప్పుపై వడ్డీ ఎంత, కరెంటు ఖర్చు ఎంత, అదే పనికి మనిషిని పెట్టుకుంటే జీతం ఎంత, ఆ జీతంపైన కట్టాల్సినవి ఎంత అని లెక్క వేసుకున్నాకే ఒక నిర్ణయానికి వస్తాడు. ఈ లెక్కలోని ప్రతి పద్దులోనూ ఎక్కడో ఒకచోట ప్రభుత్వం చేయి ఉంటుంది. యంత్రం కొన్నవారికి ఆదాయపు పన్నులో మినహాయింపు ఇస్తే యంత్రం చౌక అవుతుంది. జీతంతో ముడిపెట్టి చందాలు వసూలు చేస్తే మనిషి ప్రియమవుతాడు. మనిషి చేతిపనిని యంత్రానికి అప్పగించే ఈ ప్రక్రియనే యాంత్రీకరణ అంటారు. అది ఏ ఊళ్లో ఎంత వేగంగా సాగుతుందన్నది ఇంజనీర్లతోపాటు పన్నుల శాఖ మీద కూడా ఆధారపడి ఉంటుంది.

ఈ సంబంధాన్ని పరిశీలించడానికి శ్రీ సత్యసాయి జిల్లా కంటే అనువైన చోటు ఆంధ్రప్రదేశ్‌లో దొరకడం కష్టం. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం ఉంది. అక్కడికి ఉత్తరాన ఉన్న ధర్మవరంలో గుంట మగ్గాల మీద పట్టుచీరలు నేస్తారు. ఆ వీధుల్లోనే మరమగ్గాల చప్పుడు కూడా వినిపిస్తుంది. దక్షిణాన, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టుతోపాటు తూముకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడలు ఉన్నాయి. ఒకే జిల్లాలో, రైల్లో పూటలో చుట్టివచ్చే దూరంలో ఉన్న ఈ మూడు చోట్లా ఒకే ఆదాయపు పన్ను చట్టం, ఒకే జీఎస్టీ చట్టం అమల్లో ఉన్నా, ఆ చట్టాలు మూడుచోట్ల మూడు రకాలుగా పనిచేస్తున్నాయి.

పనిముట్టుకూ పన్నుకూ ఈ ప్రాంతంలో ఉన్న సంబంధం కొత్తది కాదు. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. ఆ సామ్రాజ్యపు శాసనాల్లో మగ్గానికి ఇంతని వసూలు చేసే పన్ను ప్రస్తావన తరచుగా కనబడుతుంది. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ప్రధానంగా భూమిశిస్తు మీద దృష్టి పెట్టినా, మొహతర్ఫా అనే పాత పన్ను కూడా కొనసాగింది. సేద్యంతో సంబంధం లేని వృత్తులపైన, అంటే మగ్గం, గానుగ, అంగడి వంటి వాటిపైన వేసే పన్నును మొహతర్ఫా అనేవారు. మద్రాసు రాజధానిలో అది 19వ శతాబ్దం మధ్యదాకా నడిచింది. లాంకషైర్ మిల్లులలో యంత్రాలు నేసిన గుడ్డ స్వల్ప సుంకంతో ఓడరేవుల్లో దిగుతున్న కాలంలోనే, ఇంటి గుంటలో కూర్చుని నేసేవాడు తన మగ్గానికి పన్ను కట్టవలసి వచ్చిందన్నమాట. ఆ కాలపు నేతగాళ్ల పతనాన్ని యంత్రం సాధించిన విజయంగా మాత్రమే చెప్పే పుస్తకాలు ఈ సంగతిని చాలావరకు దాటవేస్తాయి.

స్వాతంత్య్రం వచ్చాక తూకాన్ని రెండోవైపుకు వంచే ప్రయత్నం జరిగింది. 1952లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన చక్రవర్తి రాజగోపాలాచారి, చీరలనూ ధోవతులనూ చేమగ్గాలకే వదిలేయాలని కేంద్రాన్ని గట్టిగా అడిగారు. అప్పటికి అనంతపురం జిల్లా కూడా ఆయన పాలనలోనిదే. చీరాల కేంద్రంగా ప్రగడ కోటయ్య వంటి నాయకులు చేనేత కార్మికులను సంఘటితం చేస్తున్న రోజులవి. 1953లో కేంద్రం ఒక చట్టం చేసి, మిల్లు గుడ్డపై గజానికి 3 దమ్మిడీల చొప్పున, అంటే పావు అణా చొప్పున, అదనపు ఎక్సైజు సుంకం విధించింది. వచ్చిన సొమ్మును ఖద్దరు, చేనేతల అభివృద్ధికే ఖర్చు చేయాలన్నది ఆ చట్టం ఉద్దేశం. యంత్రం వల్ల పని కోల్పోయేవారికోసం యంత్రం మీద పన్ను వేయాలన్న ఆలోచనను 2017లో బిల్ గేట్స్ ఒక ఇంటర్వ్యూలో చెప్పినప్పుడు ప్రపంచమంతా కొత్త మాట విన్నట్టు చర్చించింది. మన నేత పరిశ్రమ ఆ ప్రయోగాన్ని అరవై ఏళ్లకు పైగా ముందే చూసింది.

ఆ ప్రయోగం ఎలా ముగిసిందన్నది దానికంటే ముఖ్యం. సుంకం పెద్ద మిల్లులపై పడింది, మిల్లులు మగ్గాలు పెంచుకోకుండా ఆంక్షలూ వచ్చాయి; అయితే కొద్ది మరమగ్గాలు మాత్రమే పెట్టుకున్న చిన్న యజమానులకు ఎక్సైజు సుంకం నుంచి మినహాయింపు దక్కింది. దాంతో యంత్రం ఆగలేదు, దాని రూపం మాత్రం మారింది. నూలు వడకడం నుంచి రంగు అద్దకం దాకా ఒకే ప్రాంగణంలో జరిగే మిల్లుల నేత శాఖలు క్షీణించి, సుంకం పడనంత చిన్నవిగా ఉండే మరమగ్గాల కొట్టాలు దేశమంతటా లేచాయి. చేనేతను మిల్లు నుంచి కాపాడబోయిన విధానం, తెలియకుండానే మిల్లుకంటే దగ్గరి ప్రత్యర్థిని చేనేత ముంగిట్లో నిలబెట్టింది. పన్ను వేసేటప్పుడు గీత ఎక్కడ గీస్తామో యంత్రం ఆ గీతకు అటుపక్కకు జరుగుతుందన్న ఈ అనుభవాన్ని, రోబోలపై పన్ను గురించి నేడు మాట్లాడేవారు ఎవరూ తలచుకుంటున్నట్టు కనబడదు.

ఆ ప్రత్యర్థిని అదుపు చేయడానికి 1985లో మరో చట్టం వచ్చింది. కొన్ని రకాల వస్త్రాలను చేమగ్గం మీదే నేయాలని ఆ చట్టం నిర్దేశించింది. మొదట 22 రకాలుగా ఉన్న జాబితా తరువాత 11కు కుదించుకుపోయినా చీర అందులో మిగిలింది. 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. అయినా ధర్మవరంలో జాకార్డు బిగించిన మరమగ్గాలు పట్టుచీరల నమూనాలను యథాతథంగా దించుతున్నాయని చేనేత సంఘాలు ఏళ్లుగా ధర్నాలు చేస్తూనే ఉన్నాయి. చట్టం నిషేధించిన పనిని లాభసాటిగా మార్చే ధరల తేడా అలాగే ఉన్నంతకాలం, తనిఖీ అధికారి జీపు వచ్చినరోజు మగ్గం ఆగి, వెళ్లినరోజు మళ్లీ నడుస్తుంది.

ఆ తేడా ఎంతటిదో తెలియాలంటే ధర్మవరం మగ్గాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి. నేలలో తవ్విన గుంటలో కాళ్లు దింపి కూర్చున్న మనిషి, పాదంతో చెక్క తొక్కినప్పుడల్లా తలపైన ఉన్న జాకార్డు ఒక అట్టను తిప్పుతుంది. అట్టలోని చిల్లులను బట్టి పడుగులో కొన్ని పోగులు పైకి లేస్తాయి. ఆ సందులోంచి నాడె పేక పోగును అటునుంచి ఇటు చేరవేస్తుంది. వెడల్పాటి జరీ అంచు, నిండు కొంగు ఉన్న చీర ఇలా పోగుపోగుగా పూర్తి కావడానికి రోజులు పడతాయి. కండెలు చుట్టేది, తెగిన పోగులు అతికేది ఇంట్లోని ఆడవాళ్లు. వారి శ్రమకు ప్రత్యేకంగా మజూరి ఉండదు, ఏ రికార్డులోనూ వారి పేరు ఎక్కదు. పడుగూ జరీ ఇచ్చి, చీర తీసుకుని, చీరకు ఇంతని మజూరి చెల్లించేవాడు మాస్టర్ వీవరు, వాడుకలో షావుకారు. మరమగ్గంలో ఇదే జాకార్డు ఉంటుంది. తొక్కే కాలు బదులు మోటారు ఉంటుంది, రోజులు పట్టే చీర గంటల్లో దిగుతుంది.

ఇక పెనుకొండ. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 94వ సెక్షను, కొత్త రాష్ట్రాల పారిశ్రామికీకరణకు పన్ను ప్రోత్సాహకాలతో సహా తగిన ఆర్థిక చర్యలు తీసుకోవాలని కేంద్రానికి చెప్పింది. దాన్ని అనుసరించి 2015లో ఆదాయపు పన్ను చట్టంలో 32ఏడీ అనే సెక్షను చేరింది. రాయలసీమలోని నాలుగు జిల్లాలు, ఉత్తరాంధ్రలోని మూడు జిల్లాలు వెనుకబడిన ప్రాంతాలుగా దాని పరిధిలోకి వచ్చాయి. అప్పటి అనంతపురం జిల్లా వాటిలో ఒకటి. 2015 ఏప్రిల్ 1 నుంచి 2020 మార్చి 31 లోపు అక్కడ కొత్త పరిశ్రమ పెట్టి కొత్త యంత్రాలు బిగించినవారికి, యంత్రం ఖరీదులో 15 శాతాన్ని లాభంలోంచి అదనంగా తగ్గించి చూపుకునే వీలు వచ్చింది. దీనికి పెట్టుబడి భత్యం అని పేరు. దానితోపాటు అదనపు తరుగుదలను 20 శాతం నుంచి 35 శాతానికి పెంచారు. తరుగుదల అంటే యంత్రం ఏటేటా అరిగిపోతుందన్న లెక్కన దాని ఖరీదులో కొంత భాగాన్ని ఖర్చుగా రాసుకోవడం; మామూలు యంత్రాలకు అది ఏడాదికి 15 శాతం.

ఈ మూడింటినీ కూడితే ఫలితం స్పష్టంగా తెలుస్తుంది. కోటి రూపాయల యంత్రాన్ని ఆ కాలంలో అక్కడ బిగించి, మొదటి ఏడాదిలో కనీసం 180 రోజులు నడిపిన సంస్థ, 15 లక్షల మామూలు తరుగుదల, 35 లక్షల అదనపు తరుగుదల, 15 లక్షల పెట్టుబడి భత్యం కలిపి 65 లక్షలను తొలి ఏడాదే లాభంలోంచి మినహాయించుకోవచ్చు. 30 శాతం పన్ను రేటు మీద అది 19 లక్షల 50 వేల రూపాయల పన్ను. పెట్టుబడి భత్యం తరుగుదలకు అదనం కాబట్టి, కోటి పెట్టి కొన్న యంత్రంపై చివరికి కోటీ 15 లక్షల దాకా ఖర్చు రాసుకోవడం సాధ్యం. లాభం రాని తొలి ఏళ్లలో ఈ మినహాయింపులు వెంటనే అక్కరకు రాకపోయినా, మిగిలిన తరుగుదలను తరువాతి ఏళ్లకు తీసుకువెళ్లే వీలుంది. అయితే సెకండ్ హ్యాండ్ యంత్రాలకు మామూలు తరుగుదల తప్ప మిగతా రెండూ వర్తించవు. అందుకే పాత మరమగ్గాన్ని అప్పుచేసి కొనుక్కున్న ధర్మవరం చిన్న యజమానికి, అదే జిల్లాలో, అదే కాలంలో, ఈ సెక్షను పేరు కూడా తెలియకుండానే గడువు ముగిసిపోయింది.

కియా సంస్థ 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో 536 ఎకరాల్లో, ఏటా 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో కర్మాగారం లేచింది. 2019 ఆగస్టు నాటికి సెల్టాస్ కార్ల ఉత్పత్తి మొదలైంది, డిసెంబరు 5న అధికారికంగా ప్రారంభోత్సవం జరిగింది. హంద్రీ-నీవా కాలువ నీరు చేరే గొల్లపల్లి జలాశయం దాని నీటి అవసరం తీరుస్తుంది. ప్రారంభం నాటికే అక్కడ 450కి పైగా రోబోలు ఉన్నాయి. రేకును అచ్చుపోసే విభాగం, అతికే విభాగం, రంగు వేసే విభాగం ప్రధానంగా వాటి చేతిలో ఉంటాయి. వైర్ల కట్టలు బిగించడం, డ్యాష్‌బోర్డు, సీట్లు అమర్చడం వంటి, వేళ్లకు మెలకువ కావాల్సిన పనులు మనుషుల దగ్గర మిగులుతాయి. నిప్పురవ్వలు ఎగసే వెల్డింగు పనిని, రంగు ఆవిరి పీల్చే పనిని యంత్రానికి వదిలేయడంలో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. పైగా వేరుశనగ పండే ఆ నేలలో అంతకుముందు కారు కార్మికుడే లేడు కాబట్టి, ఎర్రమంచిలో రోబో ఎవరి ఉద్యోగాన్నీ లాక్కోలేదనడం న్యాయం. ప్రజల సొమ్ముతో సమానమైన పన్ను మినహాయింపును యంత్రాల ఖరీదును బట్టి ఇచ్చారా, ఉద్యోగాల సంఖ్యను బట్టి ఇచ్చారా అన్నది మాత్రం అడగవలసిన ప్రశ్నే. 32ఏడీలో ఉద్యోగాల ఊసు లేదు.

ఆదాయపు పన్ను తరువాత చూడవలసింది 2017 జూలై 1న వచ్చిన జీఎస్టీ. ఈ పన్ను విధానంలో కీలకమైనది ఇన్‌పుట్ క్రెడిట్. తయారీదారు తాను కొన్న సరుకులపై కట్టిన పన్నును, తాను అమ్మే వస్తువుపై కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడమే ఇన్‌పుట్ క్రెడిట్. యంత్రాలపై కట్టిన పన్నుకు కూడా ఈ వెసులుబాటు ఉంది. పాత ఎక్సైజు విధానంలో యంత్రం మీది క్రెడిట్‌ను మొదటి ఏడాది సగం, మరుసటి ఏడాది సగం వాడుకోవాల్సి వచ్చేది. జీఎస్టీలో మొత్తం ఒకేసారి దొరుకుతుంది. జీతం మీద జీఎస్టీ లేదు, అందువల్ల జీతానికి క్రెడిటూ లేదు. వస్తువు విలువలో జీతం వల్ల పెరిగిన భాగమంతా పన్నుకు లోబడుతుంది. ఈ లక్షణం మొదటిచూపుకు యంత్రానికి అనుకూలంగా కనిపించినా, అసలు తేడా పెద్ద సంస్థకూ చిన్న సంస్థకూ మధ్య వస్తుంది. 2025 సెప్టెంబరు 22న మారిన రేట్ల ప్రకారం, పెనుకొండలో తయారయ్యే సోనెట్‌పై 18 శాతం, సెల్టాస్‌పై 40 శాతం జీఎస్టీ పడుతుంది. అమ్మకంపై కట్టవలసిన పన్ను అంత ఎక్కువగా ఉన్నచోట, యంత్రంపై కట్టిన పన్ను అందులో ఇట్టే సర్దుబాటు అవుతుంది. చీరపై పన్ను 5 శాతమే. మరమగ్గంపై అంతకన్నా ఎక్కువ రేటున కట్టిన పన్ను ఆ 5 శాతంలోంచి మెల్లమెల్లగా తీరాలి. ముడిసరుకుపై మిగిలిపోయిన క్రెడిట్‌ను వాపసు ఇచ్చే నిబంధన యంత్రాలకు వర్తించదు. కూలికి నేసే, జీఎస్టీ నమోదు లేని చిన్న మరమగ్గం యజమానికైతే ఆ పన్ను పూర్తిగా నెత్తిన పడ్డట్టే. చేమగ్గానికి మాత్రం జీఎస్టీ లేదు. మొహతర్ఫా నాటితో పోలిస్తే అంతవరకు మేలు.

మనిషి వైపు లెక్క హిందూపురం కర్మాగారాల్లో బాగా అర్థమవుతుంది. నెలకు 15 వేల రూపాయల జీతంపై ఒక కార్మికురాలిని పెట్టుకున్న యజమాని, ప్రావిడెంట్ ఫండుకు 12 శాతం, దానికి అనుబంధమైన బీమాకూ నిర్వహణ ఖర్చుకూ చెరి అర శాతం, ఈఎస్ఐ అనే కార్మిక వైద్య బీమాకు 3.25 శాతం తనవంతుగా కట్టాలి. అన్నీ కలిపి 16.25 శాతం, నెలకు 2,437 రూపాయల 50 పైసలు, ఏడాదికి 29,250 రూపాయలు. ఇది పన్ను కాదు, కార్మికుడి ముసలితనానికీ వైద్యానికీ దాచిపెట్టే డబ్బు. దాన్ని తగ్గించాలని ఎవరూ కోరకూడదు. కానీ యజమాని లెక్కపుస్తకంలో ఇది మనిషిని పెట్టుకున్నందుకు మాత్రమే పడే ఖర్చు. యంత్రానికి ముసలితనం వస్తే దాన్ని తరుగుదల కింద మినహాయిస్తారు. మనిషి ముసలితనానికి జీతం మీద చందా వసూలు చేస్తారు.

దీనికి విరుగుడుగా ఆదాయపు పన్ను చట్టంలో 80జేజేఏఏ అనే సెక్షను ఉంది. కొత్తగా చేర్చుకున్న ఉద్యోగుల జీతంలో 30 శాతాన్ని మూడేళ్లపాటు అదనపు ఖర్చుగా చూపుకోవచ్చని అది చెబుతుంది. 2016లో దాన్ని అన్ని రంగాలకూ విస్తరించారు. ఉద్యోగి ఏడాదిలో 240 రోజులు పనిచేసి ఉండాలి. ఆడవాళ్లు ఎక్కువగా పనిచేసే రెడీమేడ్ దుస్తుల పరిశ్రమకైతే 150 రోజులు చాలు. పై ఉదాహరణలోని కార్మికురాలి వార్షిక జీతం లక్షా 80 వేలు కాబట్టి 54 వేలు అదనపు ఖర్చు అవుతుంది. 22 శాతం పన్ను కట్టే కంపెనీకి దానివల్ల ఏడాదికి మిగిలేది 11,880 రూపాయలు. ఆమెకోసం కట్టే చందాల్లో అది సగం కూడా కాదు, పైగా మూడేళ్లకు ఆగిపోతుంది. జీతం నెలకు 25 వేలు దాటితే ఈ సెక్షను అసలు వర్తించదు. 2016లో పెట్టిన ఆ పరిమితి ఆ తరువాత పెరగలేదు. దాంతో పెనుకొండ పరిసరాల్లో రోబోల మరమ్మతు నేర్చుకుని ఆ మాత్రం జీతం అందుకునే డిప్లొమా కుర్రాడు, అంటే యంత్రంతోపాటు పెరగాల్సిన ఉద్యోగే, లెక్కలోంచి తప్పిపోతున్నాడు. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు కర్మాగారం యజమాని లెక్కలోకి ఎలాగూ రారు.

2019 సెప్టెంబరు 20న కేంద్రం కంపెనీల పన్నును 22 శాతానికి, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి ఏర్పడే కొత్త తయారీ సంస్థలకు 15 శాతానికి తగ్గించింది. పత్రికలన్నీ రేటు గురించే రాశాయి. ఆ తక్కువ రేటును ఎంచుకున్న కంపెనీ అదనపు తరుగుదలనూ 32ఏడీ భత్యాన్నీ వదులుకోవాలని, 80జేజేఏఏని మాత్రం నిలుపుకోవచ్చని ఆ చట్టంలోనే ఉంది. యంత్రానికి ఇచ్చే ప్రత్యేక రాయితీని తీసేసి, ఉద్యోగానికి ఇచ్చే రాయితీని ఉంచిన ఈ మలుపు ఉద్దేశపూర్వకమో యాదృచ్ఛికమో గానీ, యాంత్రీకరణ దృష్ట్యా గత ఇరవై ఏళ్లలో మన పన్ను విధానంలో వచ్చిన మంచి మార్పుల్లో అదొకటని చెప్పాలి. 2025 ఆగస్టులో మొదలైన ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన అదే దారిలో మరో అడుగు వేసి, కొత్త ఉద్యోగికి నెలకు 3 వేల రూపాయల దాకా యజమానికి రెండేళ్లపాటు, తయారీ రంగంలో నాలుగేళ్లపాటు చెల్లిస్తుంది.

ఇన్ని ప్రోత్సాహకాలలో ఒక్కటీ ధర్మవరం గుంట మగ్గం దగ్గరికి రాదు. 80జేజేఏఏకైనా, రోజ్‌గార్ యోజనకైనా ఉద్యోగి అంటే జీతం, ప్రావిడెంట్ ఫండు ఖాతా ఉన్నవాడు. షావుకారు దగ్గర చీరకింతని మజూరి తీసుకునే నేతగాడికి జీతం లేదు, ఖాతా లేదు, తన ఇంట్లో తన మగ్గంపై పనిచేస్తాడు గనుక అతడిని చట్టం చిన్నపాటి వ్యాపారిగానే చూస్తుంది. అతడి చేతిపని నిలబెట్టిన షావుకారుకు ఆదాయపు పన్నులో రూపాయి ప్రోత్సాహం లేదు. అదే షావుకారు రేపు చేమగ్గాలు మానిపించి కొత్త మరమగ్గాల షెడ్డు వేస్తే, తరుగుదల మినహాయింపు చట్టప్రకారం అతడి హక్కు. యాంత్రీకరణ వల్ల అందరికంటే ముందు నష్టపోయేవాడికి, ఉపాధిని కాపాడటానికి చేసిన నిబంధనలు అందకపోవడమే ఈ వ్యవస్థలోని అసలు లోపం.

రాష్ట్ర ప్రభుత్వాల సాయం వేరే దారిలో వస్తుంది. 2019 డిసెంబరు 21న ధర్మవరంలోనే ప్రారంభమైన నేతన్న నేస్తం పథకం సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24 వేల రూపాయలు ఇచ్చింది. కూలి మగ్గంపై నేసేవారికి అది దక్కలేదు. 2025 ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం నాడు, చేనేత వస్త్రాలపై జీఎస్టీ భారాన్ని తామే భరిస్తామని, చేమగ్గాలకు నెలకు 200 యూనిట్లు, మరమగ్గాలకు 500 యూనిట్లు ఉచిత విద్యుత్తు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. చేమగ్గానికి కరెంటు దీపానికీ ఫ్యానుకూ కావాలి. మరమగ్గానికి నేయడానికే కావాలి. ఒకే వేదిక మీది ఈ రెండు ఉచితాలలో ఏది దేనికి పోటీ ఇస్తుందో లెక్క చూసినవారు లేరేమో.

ఇతర దేశాల్లోనూ పన్నుల తూకం యంత్రం వైపే మొగ్గి ఉంది. డారన్ అసెమొగ్లు మరో ఇద్దరు ఆర్థికవేత్తలతో కలిసి 2020లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో శ్రమపై పడే పన్నుల బరువు 25.5 నుంచి 33.5 శాతం మధ్య ఉండగా, యంత్రాలు, సాఫ్ట్‌వేర్‌లపై అది 10 శాతం దగ్గర ఉండి, 2017 సంస్కరణల తరువాత 5 శాతానికి దిగింది. ఆయన ఒక రకం యంత్రాల గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తారు: మనిషిని తీసేయగలిగినా ఉత్పాదకతను పెద్దగా పెంచలేనివి. వీటిని అత్తెసరు యంత్రాలు అనవచ్చు. పన్ను రాయితీ లేకపోతే ఎవరూ కొననివి ఎక్కువగా ఇవే. దీనికి పూర్తిగా భిన్నమైన యంత్రానికి ఉదాహరణ తెలుగు నేలమీదే ఉంది. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం, పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పడానికి, తన తల్లి వేలసార్లు చేయి అటూ ఇటూ ఆడించి భుజం నొప్పితో బాధపడటం చూసి లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేశారు. గంటలకొద్దీ సాగే ఆ పని గంటన్నరలో ముగిసింది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం నొప్పిని తీసేసి, నేతను నేతగాడికే ఉంచింది. మన ఆదాయపు పన్ను చట్టానికి మాత్రం ఆసు యంత్రమైనా మరమగ్గమైనా ఒకటే తరగతి, ఒకటే తరుగుదల.

పదివేల మంది కార్మికులకు 1,012 రోబోలతో 2023లో ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచిన దేశం దక్షిణ కొరియా, కియా సంస్థ స్వదేశం. అక్కడి ప్రభుత్వం 2017 ఆగస్టులో యాంత్రీకరణ పెట్టుబడులకు ఇచ్చే పన్ను రాయితీలో రెండు శాతం పాయింట్ల దాకా కోత పెట్టాలని ప్రతిపాదించింది. లోకం దాన్ని తొలి రోబో పన్ను అని పిలిచినా అది పన్ను కాదు, ఇచ్చే రాయితీని తగ్గించుకోవడం మాత్రమే. పెద్ద సంస్థలకూ మధ్యస్థాయి సంస్థలకూ కోత పడింది. చిన్న సంస్థల రాయితీ జోలికి పోలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో యూరప్ పార్లమెంటు రోబోలపై పన్ను ప్రతిపాదనను తిరస్కరించింది. రోబో అంటే ఏమిటో నిర్వచించడమే కష్టమన్నది దానికి వినిపించిన వాదనల్లో ఒకటి. మోటారు బిగించిన చేమగ్గం చేమగ్గమా కాదా అని 2012లో నిర్వచనం మార్చబోయి చిక్కుల్లో పడ్డ మన జౌళి శాఖకు ఆ కష్టం బాగా తెలుసు.

నిర్వచనంతో పనిలేని దారి ఒకటి మన చట్టాల్లో ఇప్పటికే ఉంది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల సెస్సు చట్టం, సంక్షేమ నిధికి చందాను కూలీల జీతం మీద కాకుండా నిర్మాణ వ్యయం మీద ఒక శాతంగా విధించింది. పునాది పార పట్టి తవ్వినా జేసీబీతో తవ్వించినా సెస్సు మారదు కాబట్టి, మనిషిని తప్పించినంత మాత్రాన యజమానికి చందా మిగలదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్, యాప్‌ల ద్వారా పని ఇచ్చే సంస్థలపై వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం చందా పెట్టడం కూడా ఈ పద్ధతే. పట్టుచీరల వ్యాపారంలోనూ చందాను చీర విలువతో ముడిపెట్టి, మజూరి తీసుకునేవారందరికీ, కండె చుట్టే ఆడవాళ్లతో సహా, ఖాతాలు తెరిస్తే, నేతగాడు ఉద్యోగా వ్యాపారా అన్న తగువుతో సంబంధం లేకుండా అతడికి భద్రత దక్కుతుంది. చేమగ్గం నుంచి మరమగ్గానికి మారిన షావుకారు కూడా అదే చందా కట్టక తప్పదు.

ఇందులో చిక్కు ఒకటుంది. ధర్మవరంలో రెండో నాలుగో మరమగ్గాలు నడిపే యజమాని చాలాచోట్ల నిన్నటి చేనేతగాడే. మోకాళ్లు పట్టేసి గుంటలో కూర్చోలేక, అప్పు తెచ్చి మోటారు పెట్టుకున్నవాడే. అతడినీ యాభై మగ్గాల షెడ్డువాడినీ ఒకే గాటన కడితే చందా భారం ముందు అతడినే కూలుస్తుంది. కొరియా చేసినట్టు చిన్నవారిని పూర్తిగా వదిలేస్తే, 1953 తరువాత నేత మిల్లుల నుంచి చిన్న కొట్టాలకు జరిగినట్టు, యాభై మగ్గాల షెడ్డు బావమరిది పేరున నాలుగు, మేనల్లుడి పేరున నాలుగుగా చీలిపోతుంది. మగ్గాల సంఖ్యను బట్టి కాకుండా ఒక షావుకారు చేతిమీదుగా ఏడాదిలో అమ్ముడైన చీరల విలువను బట్టి మినహాయింపు ఇస్తే ఆ చీలికకు ప్రయోజనం తగ్గుతుంది. ఆ అమ్మకాల లెక్క తీయడానికి, నమోదైన షావుకార్ల జీఎస్టీ రిటర్నులు వాణిజ్య పన్నుల కార్యాలయంలో ఇప్పటికే చేరుతున్నాయి.